కుంటి బల్ల

ఫిబ్రవరి 2

ఈ నోటుపుస్తకం నేనే కుట్టాను. మడత కాగితాల ఫారాలు పన్నెండు, మైనం పట్టించిన దారం, వెన్నుకు నల్ల గుడ్డ. లైబ్రరీ బైండింగ్ గదిలో ముప్ఫై తొమ్మిదేళ్లు ఊరందరి పుస్తకాలూ కుట్టినవాడికి సొంతంగా మిగిలింది ఇదొక్కటే. దీన్ని ఎవరూ చదవరు. అందుకే ఇందులో నిజాలు రాస్తాను.

మొదటి నిజం: నాకు ఏ జబ్బూ లేదు.

ఆరోగ్య బీమా ఆఫీసు నుంచి ఇవాళ మొదటి నెల భృతి వచ్చింది. జబ్బుపడి పని చేయలేని ఉద్యోగికి, నయమయ్యేదాకా, జీతంలో ముప్పాతిక వంతు వాళ్లే ఇస్తారు. దానికని ప్రతి నెలా నా జీతంలో కోత కోస్తూనే వచ్చారు. ఇన్నేళ్లలో నాకు సరైన పడిశం కూడా పట్టలేదు. ఊరికే వదులుకోవడానికి నేనేమైనా ధర్మసత్రమా? అందుకని అరవై మూడో ఏట చేతులు వణుకుతున్నాయని చెప్పాను. నమ్మారు.

వణకడం కూడా లైబ్రరీలోనే నేర్చుకున్నాను. బైండింగుకి వచ్చిన ఏ పుస్తకాన్నయినా చదివాకే కుట్టడం నా అలవాటు. గ్రహణాలు, చేపల పెంపకం, రాజుల చావులు, ఏదీ వదల్లేదు. మూడు సంపుటాల వైద్య విజ్ఞాన సర్వస్వం వచ్చినప్పుడు రెండోది రెండుసార్లు చదివాను. నరాల జబ్బులన్నీ అందులోనే ఉన్నాయి. ఏ వేలు ముందు వణకాలో, ఏది ఎన్నాళ్లకు దాని వెంట రావాలో బొమ్మలతో సహా ఉంది.

ఇది మోసం కాదు, పగ. పన్నెండేళ్ల క్రితం ఇదే ఆఫీసు నా భార్య భృతి ఆపేసింది. "పనికి తగును" అని కాగితం మీద ముద్ర గుద్ది పంపింది. ఆవిడ పనికి వెళ్లింది. మిగతాది ఇక్కడ రాయను.

ఫిబ్రవరి 3

బల్ల కుంటిది. రాస్తుంటే ఊగుతోంది. నిన్నటి అక్షరాలు చూస్తే పూటుగా తాగి రాసినట్టున్నాయి. భృతి మంజూరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఎడమ కాలి కింద దోపాను. చాలలేదు. ఆవిడకు వచ్చిన కాగితం కూడా వెతికి దాని కింద పెట్టాను. ఇన్నాళ్లకు అదొక పనికి తగింది.

ఫిబ్రవరి 11

భృతి కొనసాగాలంటే బీమా ఆఫీసు డాక్టరమ్మ సంతకం కావాలి. పిలిస్తే వెళ్లాను. నలభై ఏళ్లుంటాయి. నవ్వదు. చేతిలో చిన్న రబ్బరు సుత్తి; మోకాలి మీద ఒకటి, మోచేతి మీద ఒకటి. సుత్తమ్మ అని పేరు పెట్టుకున్నాను. నడిస్తే చెప్పులు కిర్రుకిర్రుమంటాయి, తడి ఆరని అట్టను బలవంతాన తెరిచినట్టు. వచ్చే జీతంలో చెప్పులకు కాస్త నూనె రాసుకోలేదా?

"చేతులు ముందుకు చాపండి" అంది. చాపాను.

"కళ్లు మూసుకుని వేలితో ముక్కు ముట్టుకోండి."

చెంప ముట్టుకున్నాను. ఎంత సహజంగా కుదిరిందంటే నాకే ముచ్చటేసింది.

"ఇంట్లో ఎవరుంటారు?"

"మా అక్కండి. డెబ్బై ఒకటి. రైల్వే టిక్కెట్ల కిటికీలో పనిచేసి రిటైరైంది. అందుకే ఎవర్నీ నమ్మదు."

"బొత్తాలు ఎవరు పెడతారు?"

"ఎవరి బొత్తాలండి?"

"మీవి."

నేనే పెట్టుకుంటానని చెప్పి, చూపించడానికి ఒకటి విప్పాను. మళ్లీ పెట్టడానికి నాలుగు నిమిషాలు నటించాను. ఆవిడ గడియారం చూసి ఏదో రాసుకుని ఆరు నెలలు పొడిగించింది.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడి నవ్వుకున్నాను. ఆ సంబరంలో బొత్తం పెట్టుకోవడం మరిచిపోయి అలాగే ఇంటికొచ్చాను. దారంతా చలిగాలి.

ఫిబ్రవరి 12

గొంతు పట్టేసింది. ఈ పెన్ను బాగోలేదు.

ఫిబ్రవరి 27

కొత్త పెన్ను. ఇదీ బాగోలేదు.

మార్చి 9

భృతి తీసుకునేవాడు ఇల్లు కదలడానికి వేళలున్నాయి. పొద్దున పది నుంచి పన్నెండు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు. మిగతా వేళల్లో ఎప్పుడైనా ఒక మనిషి వచ్చి తలుపు కొడతాడు. రోగి ఇంట్లో లేకపోతే భృతి గోవిందా.

ఇవాళ మూడింటికి కొట్టాడు. మాది నాలుగో అంతస్తు, లిఫ్టు చెడి ఏడాదైంది. తలుపు తీసేసరికి అతను గోడకు చేరగిలబడి ఉన్నాడు. భారీ మనిషి. చేతిలో ఫారం తడిసిపోయింది.

అక్క అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. "ముందు ఊపిరి పీల్చుకో నాయనా. ఇంతకీ రోగి నువ్వా, మా వాడా?"

"తనిఖీకొచ్చానమ్మా. పేషెంటు ఇంట్లో ఉన్నాడా లేడా అని..."

"ఎక్కడికి పోతాడు? చొక్కా తొడగాలంటే నేనుండాలి."

అక్కకు తెలియకుండానే నా నాటకంలో పాత్ర వేస్తోంది. నేనే రాసినా ఇంత మంచి మాట పడేది కాదు.

సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

"గడి దాటిందండీ."

"గడి చిన్నదండీ."

"అదీ నిజమే" అని నీళ్లు తాగాడు. "నాకూ మోకాళ్లు పోయాయమ్మా. షుగరు, బీపీ. నాకెవరిస్తారు భృతి?"

"వెళ్లి ఆ సుత్తి ఆవిడ కాళ్లు పట్టుకో" అంది అక్క.

"పట్టుకోవాలంటే వంగాలి కదమ్మా."

అతను దిగి వెళ్లడానికి పావుగంట పట్టింది. ఒక్కొక్క మెట్టూ వినబడింది. అలాంటి మనిషిని కూడా నమ్మించినందుకు ఎందుకో అంత ఆనందం కలగలేదు. సంతకం మాత్రం బాగా కుదిరింది.

ఏప్రిల్ 4

వయసు మీదపడే కొద్దీ అక్కకు పిసినారితనం ఎక్కువైంది. టీ గ్లాసులో సగమే పోస్తుంది. పోయిన ఏడాది నుంచీ ఇదే వరస. నన్నడక్కుండా నా చొక్కాల బొత్తాలన్నీ పీకేసి, నొక్కితే అతుక్కునేవి కుట్టింది. చిన్నపిల్లాడి చొక్కాల్లా ఉన్నాయి. పోనీలే, బొత్తాలు కనిపెట్టినవాడు ఎలాగూ బుద్ధిమంతుడు కాడు.

ఏప్రిల్ 19

ఇవాళ గదిలో ఎవరూ లేనప్పుడు కూడా నటించాను. అలవాటైపోయింది.

మే 6

జిగురు వచ్చాడు.

వాడికా పేరు నేనే పెట్టాను. నా దగ్గర పనిలో చేరిన మొదటి రోజు, కుట్టాల్సిన పుస్తకం మీద జిగురు డబ్బా మొత్తం బోర్లించాడు. ఇరవై రెండేళ్లు గడిచాక వాడినే నా నెత్తిన ఫోర్‌మన్‌గా కూర్చోబెట్టారు. ఇప్పటికీ దారంతో పోయేదానికి జిగురు పూస్తాడు. వాడు కట్టిన పుస్తకం తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు.

గుమ్మంలోనే గొంతు తగ్గించాడు, చావు ఇంటికొచ్చినట్టు.

"ఎలా ఉన్నారు మాస్టారూ?"

"ఇంకా చావలేదు."

"అవేం మాటలండీ! మొన్న మీ గురించే అనుకున్నాం, పాపం మాస్టారి చేతులు అని. మా ఇంటావిడైతే కళ్లనీళ్లు పెట్టుకుంది."

"మీ ఆవిడ నన్నెప్పుడు చూసింది?"

"చూడలేదనుకోండి. నేను చెబితేనే."

తర్వాత అసలు సంగతికొచ్చాడు. లైబ్రరీకి సముద్రాల పటాల పుస్తకం ఒకటి వచ్చిందట. నూట యాభై ఏళ్లది. ఒక్కో పటం దుప్పటంత ఉంటుందట. వెన్ను విరిగిపోయింది. యంత్రానికి పెడితే ముక్కలవుతుంది. చేత్తో కుట్టాలి.

"నువ్వున్నావుగా" అన్నాను.

"నేను కుడితే మీరు ఊరుకుంటారా? మీ సీట్లో ఇప్పటిదాకా ఎవర్నీ కూర్చోనివ్వలేదు మాస్టారూ. సూదులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎంతటి చేతులు, ఎలాంటి గతి పట్టింది పాపం..." అంటూ నా చేతి మీద చెయ్యి వేశాడు.

వాడు తిడితే పడతాను. కొట్టినా పడతాను. జిగురు నా మీద జాలిపడితే మాత్రం నా వల్ల కాదు.

"ఒరేయ్, ఇలా రా" అన్నాను. "ఎవరితోనూ అనకు. నాకే జబ్బూ లేదు. నటిస్తున్నాను."

నోరు తెరుచుకుని చూశాడు. "నిజంగా?"

"నిజంగా."

"ఒట్టు?"

"ఒట్టు."

వాడి మొహం వెలిగిపోయింది. కళ్లు తుడుచుకున్నాడు కూడా, వెధవ. "మీరు సామాన్యులు కారు మాస్టారూ! డాక్టర్లనే బోల్తా కొట్టించారే!" అని రెండుసార్లు కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు. అంతలో వాడి చూపు నా టీ గ్లాసు మీద పడింది. అది పళ్లెంలో టకటకమంటోంది.

"ఇప్పుడూ నటిస్తున్నారా?"

"తలుపు తీసుంది కదరా" అన్నాను.

లేచి తలుపు వేసొచ్చాడు. నేను గ్లాసు కింద పెట్టేశాను. వెళ్తూ వెళ్తూ ఒక కట్ట తెల్లకాగితాలు, రెండు సూదులు, దారం ఉండ ఇచ్చిపోయాడు. పటాల కాగితం మందం అంతేనట. చెయ్యి మరిచిపోకుండా ఉండటానికట. నాకు పాఠం చెబుతున్నాడు!

మే 21

అక్క బయటికెళ్లింది. ఊసుపోక జిగురు ఇచ్చిన కట్ట విప్పాను. నాలుగు కాగితాలు మడిచి, మడత మీద ఐదు రంధ్రాలు పొడిచి, లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి. కళ్లు మూసుకుని చేసే పని. ఒక్కరోజులో పద్నాలుగు పుస్తకాలు కుట్టిన చేతులివి.

దారం నాసిరకం. సూది కన్ను చిన్నది. వెలుతురు చాలదు. బల్ల ఊగుతోంది.

మే 22

మళ్లీ కూర్చున్నాను. దారం నాసిరకం.

మే 23

దారం మార్చాను.

మే 24

సూదులు కనపడటం లేదు. అక్క దాచి ఉంటుంది. అడగలేదు.

జూన్ 10

వైద్య సర్వస్వం రెండో సంపుటంలో ఒక సంగతి ఉంది. ఒక కదలికను చాలాకాలం అనుకరిస్తే ఒళ్లు దాన్ని నిజంగానే నేర్చుకుంటుందట. అంటే తప్పు నా చేతులది కాదు, నా ప్రతిభది. ఆ మాట ఏ పేజీలో ఉందో గుర్తు చేసుకోవాలని పొద్దుటి నుంచీ చూస్తున్నాను. బైండు చేసిన ఏ పుస్తకంలోనైనా పేజీ చెప్పగలను. ఇది మాత్రం దొరకడం లేదు.

జూలై 1

బీమా ఆఫీసు ఉత్తరం. అక్క చదివింది, టిక్కెట్ల కిటికీలో రైళ్ల వేళలు చెప్పే గొంతుతో.

నేను ఆరోగ్యంగానే ఉన్నాననీ, జబ్బు నటిస్తున్నానని స్వయంగా చెప్పాననీ లైబ్రరీ నుంచి వాళ్లకు తెలిసిందట. ఈ నెల పద్దెనిమిదిన డాక్టరు పరీక్ష. ఆరోగ్యవంతుడినని తేలితే భృతి ఆగిపోతుంది, తీసుకున్నది తిరిగి కట్టాలి, మర్నాడే పనిలో చేరాలి. చేరకపోతే ఉద్యోగం పోతుంది. పింఛనుకు ఇంకా రెండేళ్లుంది.

అక్క ఉత్తరం మడిచింది. "ఎవరితో అన్నావురా?"

"ఒక్కడితోనే."

"ఎవరా ఒక్కడు?"

"జిగురు."

"వాడితో చెప్పడమూ మైకులో చెప్పడమూ ఒకటే కదరా! ఏమని చెప్పావు?"

"నాకు జబ్బు లేదని."

అక్క కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. "నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు నమ్మవని."

"నమ్మనురా. అందుకేగా ఒలకకుండా గ్లాసులో సగమే పోస్తున్నాను. నువ్వు ఆఫీసులో చెప్పకముందు నుంచీ, పోయిన ఏడాది నుంచీ పోస్తున్నాను. నమ్మి ఉంటే నిండా పోసేదాన్ని."

"పిసినారితనం అనుకున్నాను."

"ఈ ఇంట్లో టీపొడికి కరువొచ్చిందిరా?"

అక్క లోపలికెళ్లి గిన్నెలు గట్టిగా తోమింది.

ఈ పేజీ రెండు రోజులు రాశాను. పెన్ను సంగతి ఇక ఎత్తను.

జూలై 4

జిగురును కడిగేయడానికి పద్నాలుగు తిట్లు తయారుచేసుకున్నాను. ఏడు పాత నిఘంటువుల్లోవి. వాడు నవ్వుకుంటూ వచ్చాడు.

"ఎప్పుడు చేరుతున్నారు మాస్టారూ?"

మూడు తిట్లు వాడేసరికి వాడి మొహం మాడిపోయింది.

"నేనేం చేశానండీ? మీ బల్ల పీకేసి అక్కడ రెండో యంత్రం పెడతామన్నారు. మా మాస్టారు తిరిగొస్తారు, ఆ బల్ల ముట్టుకోవద్దు అన్నాను. ఎలా వస్తాడు, చేతులు పోయాయిగా అన్నాడు డైరెక్టరు. నాకు రోషం పొడుచుకొచ్చింది. మా మాస్టారి చేతులకేమీ కాలేదు, ఆయన మీ అందర్నీ ఆడిస్తున్నాడు అని చెప్పేశాను."

"అందరి ముందూనా?"

"క్యాంటీన్లో మాస్టారూ."

మిగతా పదకొండు తిట్లూ అలాగే ఉండిపోయాయి. నాకోసం పోట్లాడి నన్ను ముంచినవాణ్ణి తిట్టడానికి ఏ నిఘంటువులోనూ మాట లేదు.

"వణుకు నిజమేరా" అన్నాను. ఆ మాట అనడం అదే మొదటిసారి. సరిగ్గా రాలేదు. గొంతు సవరించుకుని మళ్లీ అనాల్సి వచ్చింది.

వాడు నమ్మలేదు! "నాతో కూడానా మాస్టారూ?" అని కన్ను కొట్టాడు.

జూలై 18

సుత్తమ్మ బల్ల మీద నా ఫైలు తెరిచి ఉంది.

"ఫిర్యాదు చదివారా?"

"చదివానండి."

"ఏమంటారు?"

"అబద్ధమండి."

"చెప్పింది మీరేనట కదా?"

"నేనేనండి."

"అంటే మీరు అబద్ధాలాడతారన్న మాట."

"ఆ ఒక్కసారేనండి" అన్నాను. నా మొహం చూస్తే నాకే నమ్మబుద్ధి కాదు.

చేతులు చాపమంది. చాపాను. పళ్లు బిగించాను, ఊపిరి బిగబట్టాను, అరికాళ్లు నేలకు నొక్కిపెట్టాను. ఒక్క క్షణం నిలబడితే చాలనుకున్నాను. అలా నిలబడితే భృతి పోతుందన్న సంగతి కూడా తోచలేదు. రెండు చేతులూ కొమ్మ చివర ఆకుల్లా ఆడుతూనే ఉన్నాయి.

"మరీ బాగా వణుకుతున్నాయి" అంది సుత్తమ్మ. "ఇది స్కానులో కనబడే జబ్బు కాదు. ఒక్కరోజు ఎవరైనా వణకొచ్చు. ఎవరూ చూడనప్పుడు కూడా నెలల తరబడి వణకడం కష్టం. ఈ ఏడాది చేత్తో రాసినవేమైనా ఉన్నాయా? ఉత్తరాలో, చిట్టాలో, ఏదైనా సరే. తేదీలుండాలి."

"లేవండి" అన్నాను. అవసరానికి మించి గట్టిగా వచ్చింది.

"వారం రోజులు చూస్తాను. ఏమీ లేకపోతే పనికి తగును అని రాయక తప్పదు."

ఆ రెండు మాటలూ ఆవిడ మామూలుగానే అంది. కిర్రుకిర్రుమంటూ తలుపుదాకా వచ్చి తీసి పట్టుకుంది.

జూలై 20

ఈ ఏడాది నేను చేత్తో రాసింది ఇదొక్కటే. ఇందులో ప్రతి వాక్యం నేను దొంగనంటోంది. ప్రతి అక్షరం కాదంటోంది.

చెడ్డ పేజీలు చింపేద్దామనుకున్నాను. కుట్టిన పుస్తకంలో అది కుదరదని ఇంకెవరైనా ఒక నిమిషం ఆలస్యంగా తెలుసుకుంటారు. నాకు ముందే తెలుసు. ఫారంలో ప్రతి కాగితమూ మడతకు అటూ ఇటూ రెండు ఆకులు. ఫిబ్రవరి రెండు చింపితే దాని జంట ఆకు మార్చి తొమ్మిదిని పట్టుకుని ఊడివస్తుంది. జిగురుతో అంటించి ఉంటే ఏ ఆకుకా ఆకు పీకొచ్చు. నేను జిగురు వాడను. జన్మలో మొదటిసారి వాడి పద్ధతే మేలనిపించింది. ఇది ఎవరికీ చెప్పను.

వాక్యాల మీద సిరా పూస్తే? అక్షరాలే కదా సాక్ష్యం.

అక్క గుమ్మంలో నిలబడింది. "అందులో ఏముందిరా అంతగా?"

"నా గురించి."

"మంచిగానా చెడ్డగానా?"

"గొప్పగా."

"అయితే ఇచ్చెయ్. గొప్పలు ఎవరూ చదవరు."

జూలై 24

రేపటితో గడువు సరి. బల్ల కింద కాగితాలు గుర్తొచ్చాయి. పైన నాది, కింద నా భార్యది. ఆవిడ దగ్గర చూపించడానికి ఏమీ లేకపోయింది. దగ్గు తప్ప. దగ్గు ఎవరైనా దగ్గగలరన్నారు.

జూలై 25, పొద్దున

ఇస్తున్నాను. సుత్తమ్మా, నువ్వు ఇది చదువుతుంటే, చెప్పుల సంగతి తప్ప మిగతావాటికి క్షమాపణ.

ఆగస్టు 5

పదకొండు రోజులు ఈ పుస్తకం నా దగ్గర లేదు. ఎవర్ని తిట్టాలన్నా లోపలే తిట్టుకోవాల్సి వచ్చింది. అజీర్తి చేసింది.

ఆ రోజు జరిగింది ఇది. పుస్తకాన్ని తలకిందులుగా ఆవిడ ముందు పెట్టాను.

"తిప్పకుండా చూడండి. మీకు కావాల్సింది వణుకు కదా. తలకిందులుగా కూడా అంతే వణుకుతుంది."

సుత్తమ్మ నన్నూ పుస్తకాన్నీ మార్చి మార్చి చూసింది. "సొంత విషయాలా?"

"సొంతవీ, ఇతరులవీనండి."

"చదవను. అక్షరాల ఎత్తు కొలుస్తాను, గీత ఎంత పక్కకు పోతోందో చూస్తాను. అంతే" అని తలకిందులుగానే సొరుగులో పెట్టింది.

ఇవాళ పిలిచింది. భృతి పింఛను వచ్చేదాకా కొనసాగుతుంది. ఇక తలుపు కొట్టే మనిషి రాడు. అతన్ని కూర్చుని చేసే పనిలోకి మార్చారట. చెప్పమని నేను అడగలేదు, ఆవిడే చెప్పింది. పుస్తకం తిరిగిచ్చింది. లోపల ప్రతి పేజీ అంచునా పెన్సిలు గుర్తులున్నాయి. ఫిబ్రవరిలో చిన్నవి, జూలైకి పెద్దవి.

తలుపుదాకా సాగనంపింది. ఏదో తేడాగా ఉందనిపించింది. ఏమిటో తెలియక మెట్ల దగ్గర ఆగాను. చప్పుడు లేదు. ఆవిడ కాళ్లకు కొత్త చెప్పులు.

నేను కిందికి చూడటం ఆవిడ చూసింది. అయినా నవ్వలేదు.

"ఇంటికెళ్లి ఆ బల్ల సంగతి ఒకసారి చూడండి" అని తలుపు వేసుకుంది.

ఆగస్టు 6

చూడలేదు.

ఆగస్టు 12

బీమా ఆఫీసు మూడో కిటికీకి వెళ్లి ఒక సందేహం అడిగాను. భృతి తీసుకునేవాడు పని చేయకూడదు సరే. పని చేసేవాణ్ణి పక్కన కూర్చుని తిట్టొచ్చా?

కిటికీలోని అతను రూల్సు పుస్తకం తిరగేశాడు. లోపలికెళ్లి ఎవరినో అడిగొచ్చాడు. "జీతం తీసుకుంటారా?"

"ఊరికే."

"అయితే అది పని కిందికి రాదండి."

ముప్ఫై తొమ్మిదేళ్లుగా నేను చేస్తున్నది పని కాదని ఇప్పుడు తెలిసింది.

ఆగస్టు 16

జిగురు వచ్చాడు. పటాల పుస్తకం వాడే కుట్టాలి, నేను తిట్టాలి. ముందు తెల్లకాగితాల మీద సాధన. చేతులు కట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. ఇవాళ నిజంగా కట్టుకున్నాను, ఒకదాన్నొకటి పట్టుకునేలా. వాడు చూశాడు. ఈసారి కన్ను కొట్టలేదు. పాపం అని కూడా అనలేదు.

కాగితాలు నా బల్ల మీద పరిచి, సూదిలో దారం ఎక్కించి, మొదటి కుట్టు వేయబోయి ఆగాడు.

"బల్ల ఊగుతోంది మాస్టారూ."

"కుంటిది. ఎప్పటినుంచో."

వంగి చూశాడు. "కుంటిదేం కాదండీ. ఈ కాలి కింద ఎవరో కాగితాలు కుక్కారు. వాటివల్లే ఊగుతోంది."

అక్క వంటగది గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"తీసెయ్యరా" అన్నాను.

రెండూ లాగి నా చేతికిచ్చాడు. నాది అక్కకిచ్చాను. నా భార్యది ఈ పేజీలో పెట్టాను. బల్ల నాలుగు కాళ్ల మీదా నిలబడింది. జిగురు రెండు అరచేతులూ ఆనించి అటూ ఇటూ ఊపి చూశాడు. కదల్లేదు.

మొదటి కుట్టు వేశాడు. వదులు. ఆ పద్నాలుగు తిట్లలో మిగిలిన పదకొండింటిలో ఒకటి వాడాను. రెండోది బిగువు. ఇంకొకటి వాడాను. మూడోదానికి తిట్టు దొరకలేదు, బాగానే ఉంది. ఆ సంగతి వాడికి చెప్పలేదు.

అక్క టీ తెచ్చి రెండు గ్లాసులు బల్ల మీద పెట్టింది. ఒకటి నిండుగా, ఒకటి సగం. ఏది ఎవరిదో చెప్పకుండా నిలబడింది.

సగం ఉన్నదాన్ని నా ముందుకు లాక్కున్నాను.